నెలనెలా ఖగోళ ప్రసంగం పెడుతున్నాం, 60 కుర్చీలకి 11 మంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

#1 పిల్లలకోడి_గుంటూరు
మాది గుంటూరు. పది పన్నెండు మందిమి చందాలేసుకుని నడుపుకుంటున్న చిన్న ఖగోళ సంఘం. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం ఒక ప్రసంగం, ఒక కాలేజీ వాళ్లిచ్చిన హాల్లో. ప్రవేశం ఉచితం, టీ మాదే. రెండేళ్లుగా ఒక్క నెల కూడా మానలేదు. నిన్న గురుత్వ తరంగాల మీద, అంటే బ్లాక్ హోల్స్ లాంటివి ఢీకొన్నప్పుడు అంతరిక్షంలో పాకే అలల మీద మాట్లాడించాం. వచ్చినాయన పరిశోధన చేసే మనిషి, సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చారు. 60 కుర్చీలు వేస్తే 11 మంది వచ్చారు, అందులో అయిదుగురం మేమే.

నా అసలు బాధ అది కాదు. ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చున్నారు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మందుల కవరు. పక్కనున్న ఆస్పత్రికి వచ్చి, గేటు దగ్గర మా బ్యానర్ మీద శని బొమ్మ చూసి లోపలికి వచ్చారట. గంటా పది నిమిషాలు కదలకుండా విన్నారు. స్లైడ్లన్నీ ఇంగ్లీషు, మాటల్లో ముప్పాతిక ఇంగ్లీషు. ప్రశ్నలుంటే అడగండి అనగానే మొదట లేచింది ఆయనే. "బాబూ, శని ఎప్పుడు చూపిస్తారు?" అన్నారు.

టెలిస్కోపు నా కారు డిక్కీలోనే ఉంది. శని ఆ వేళకి దాదాపు నడినెత్తిన ఉన్నాడు. కానీ ప్రసంగం సాగి సాగి ఎనిమిదింబావు అయింది. వాచ్‌మన్ ఒక్కో లైటూ తీసేస్తున్నాడు. ఆ ఆవరణలో రాత్రిపూట ఉండనివ్వరు. "ఇంకోసారి రండి" అన్నాను. ఆయనది బాపట్ల దగ్గర పల్లె, ఆఖరి బస్సు తప్పిపోతుందని గబగబా వెళ్లిపోయారు. పేరు కూడా అడగలేదు.

బ్యానర్ మీద శని బొమ్మ వేయించింది నేనే. రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారు? ఏం మార్చాలి?

#2 మబ్బుల_సుబ్బు
ముందు హాలు మార్చండి. చీకటి పడ్డాక ఉండనివ్వని చోట ఆకాశం గురించి ఏం మాట్లాడతాం!

#3 ఎనిమిదంగుళాల_రాజు
వరస తిప్పండి. విజయవాడలో మేమూ మొదట్లో ఇలాగే చేశాం. హాలు, ప్రొజెక్టరు, చివర్లో శాలువా. తర్వాత ముందు చూపు, ఆ తర్వాతే మాట అని పెట్టుకున్నాం. చీకటి పడగానే టెలిస్కోపు దగ్గర గంట సేపు. చూసినవాళ్లని అక్కడే నిలబెట్టి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు మాట్లాడడం. చంద్రుడి గుంతలు కళ్లారా చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. మబ్బు పడితే మాత్రం ప్రసంగం పొడిగించుకోండి, దానికోసం ఒక పెద్ద ప్రసంగం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

రెండోది, మొదటి ఆదివారం అనే లెక్క మానేసి తిథి చూసి పెట్టండి. పౌర్ణమి నాడు పిలిస్తే జనం వస్తారు గానీ ఆ రోజు టెలిస్కోపులో చంద్రుడు పిండి పూసిన పళ్లెంలా ఉంటాడు, నీడలే ఉండవు. శుద్ధ సప్తమి నుంచి దశమి లోపల పెట్టండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి గుంతల అంచులు, కొండలు పొడుచుకొచ్చినట్టు కనపడతాయి. అష్టమి చంద్రుడు పొద్దుగూకేసరికే నెత్తి మీదికొచ్చి ఉంటాడు, పిల్లల్ని రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టక్కర్లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ లాంటివి చూపించాలంటే అమావాస్యకి అటూ ఇటూ వచ్చే శనివారం, ఊరి బయట. మన జనానికి తిథులు నోటికి వచ్చు. "అష్టమి నాడు రండి" అంటే చాలు, ఇంకెవరూ మర్చిపోరు.

#4 మేఘన_ఎమ్మెస్సీ
రాజు గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. టెలిస్కోపు ముందు పెట్టండి, సరే. కానీ గట్టి ప్రసంగాన్ని తీసేయొద్దు. నేను ఇంటర్‌లో ఉండగా ఇలాంటి ప్రసంగానికే మా మావయ్య తీసుకెళ్లారు. విషయం కూడా ఇదే, గురుత్వ తరంగాలు. 2015 సెప్టెంబరు 14న మొదటిసారి పట్టుకున్నారని, వాటిని పట్టే పరికరంలోని నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పులో సుమారు వెయ్యో వంతేనని చెప్పారు. అందులో సగం అర్థం కాలేదు. ఆ అర్థం కాని సగం కోసమే ఫిజిక్స్‌లో చేరాను. ఇప్పుడు అలాంటి పరికరమే మనకి దగ్గర్లో, నాందేడ్ పక్కన హింగోలీలో కట్టబోతున్నారు. దాని గురించి మన ఊళ్లో చెప్పేవాళ్లు ఉండొద్దా?

11 మంది తక్కువేమీ కాదండీ. ఆ రోజు మా హాల్లోనూ అంతే ఉన్నారు.

#5 నల్గొండ_వెంకన్న
ఆ పెద్దాయన ముచ్చట చదివినంక నాకు 1980 యాదికొచ్చింది. ఫిబ్రవరి 16, సంపూర్ణ సూర్యగ్రహణం. మాది నల్గొండ దగ్గర పల్లె. నాకప్పుడు ఏడేండ్లు. మధ్యాహ్నం నుంచే పిల్లలందర్ని ఇంట్ల పెట్టి గొళ్లెం పెట్టిండ్రు. కిటికీలకు గోనెసంచులు కట్టిండ్రు. మూడున్నర దాటినంక తలుపు సందులకెళ్లి నేల మీద పడే వెలుగు గీత సన్నగైతా సన్నగైతా మాయమైంది. కోళ్లు గూట్లకు పోయే చప్పుడు ఇన్న. అమ్మ నా కండ్లు మూసి ఒడిల పెట్టుకున్నది. నేను చూసిన గ్రహణం గంతే.

అదే గ్రహణాన్ని జపాల్-రంగాపూర్ల ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ నుంచి చూసిండ్రు. 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న జాగ అది. బయటి దేశాల సైంటిస్టులు సుత వచ్చిండ్రు. మా ఊరికి ఒక పూట ప్రయాణం. ఈ సంగతి నాకు ఎప్పుడు తెల్సింది? ముప్పై ఏండ్లు దాటినంక, హైదరాబాద్‌ల ఒక ఖగోళ ప్రసంగానికి పోతే. ఆ రాత్రి బండి నడుపుకుంట ఏడ్సిన. ఆ ముచ్చట చెప్పినాయన తెలుగుల చెప్పిండు కాబట్టే నాకు తెల్సింది. నాకు వచ్చిన ఇంగ్లీషు మా ఆఫీసు పనికి సరిపోతది, ఆకాశానికి సరిపోదు.

#6 మబ్బుల_సుబ్బు
వెంకన్నా, ఇది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

#7 లెక్కల_మాస్టారు
వెంకన్న గారు చెప్పిన చివరి మాటే అసలు మాట. తెలుగులో చెప్పాలి. వక్తకి తెలుగు రాకపోతే పక్కన ఒకరు నిలబడి పది నిమిషాలకోసారి ఆపి చెప్పాలి. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాను. పిల్లవాడికి తన భాషలో ప్రశ్న పుట్టాలి, జవాబు తర్వాత ఏ భాషలో వచ్చినా పట్టుకుంటాడు.

#8 అమీర్‌పేట_కుర్రాడు
మాస్టారూ, ఏ తెలుగు? మా దగ్గర ఒకాయన తెలుగులోనే చెప్పారు. 'ద్రవ్యరాశి', 'వర్ణపట విశ్లేషణ', 'కృష్ణబిలం', 'అపకేంద్ర బలం'... పది నిమిషాలకి నా పక్కన తమ్ముడు ఫోన్ తీశాడు. వాడు ఇంగ్లీషు మీడియం, వాడికి బ్లాక్ హోల్ తెలుసు, కృష్ణబిలం తెలీదు. ఇలాంటి తెలుగు కన్నా ఇంగ్లీషే నయం కదా?

#9 లెక్కల_మాస్టారు
నేనంటున్నది ఆ తెలుగు కాదు బాబూ. బ్లాక్ హోల్‌ని బ్లాక్ హోల్ అనే అను. దాని గురించి చెప్పే వాక్యం తెలుగులో ఉండాలి. "వెలుగు కూడా బయటికి రాలేనంత బిగువుగా లాగే చోటు" అంటే మీ తమ్ముడికీ అర్థమవుతుంది, వాళ్ల నాయనమ్మకీ అర్థమవుతుంది. పేరు ఏదైనా పెట్టుకోండి. వాక్యం నలగకూడదు.

#10 తెనాలి_రైతుబిడ్డ
జనం దగ్గర ఉన్న ఆకాశాన్ని వదిలేసి లేని ఆకాశం చెబుతున్నాం అనిపిస్తుంది నాకు. మా నాన్న టెలిస్కోపు చూడలేదు గానీ 27 కార్తెలూ వరసగా చెబుతాడు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, మృగశిర కార్తెకి చినుకు పడాలి. కార్తె అంటే ఏంటి? ఆ రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉన్నాడని. చిన్నప్పుడు ఒకసారి "నాన్నా, మృగశిర కార్తెలో మృగశిర చుక్కలు కనపడవేం" అని అడిగా. "సూర్యుడితో పాటే పొద్దున లేచి సాయంత్రం పడుకుంటుంటే ఎట్టా కనపడతాయిరా, ఆర్నెల్లాగి మార్గశిరంలో చూడు" అన్నాడు. పొలంలో కూర్చుని చెప్పాడు ఆ మాట. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం నాకు అర్థమైంది ఆ రోజే, స్కూల్లో కాదు.

నెలల పేర్లూ అంతే. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు, అందుకే కార్తీకం. పోయిన నెల మా ఇంట్లో దీపాలు పెట్టాక అమ్మకి చూపించా. యాభై ఏళ్లుగా దీపాలు పెడుతోంది, పైకి చూసి పిల్లలకోడిని చంద్రుడి పక్కన చూసింది ఇప్పుడే.

పైగా ఇక్కడ #1 అన్న పేరే పిల్లలకోడి!

#11 పిల్లలకోడి_గుంటూరు
మా నాయనమ్మ కృత్తికల్ని పిల్లలకోడి అనే అనేది తమ్ముడూ, ఆ పేరు ఆవిడ కోసమే పెట్టుకున్నా. రెండేళ్ల ప్రసంగాల్లో ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు మరి. ప్లీయడీస్ అనే అన్నాను.

#12 సీతమ్మధార_శ్రీను
ఓరియన్ నడుం మీద వరసగా ఉండే మూడు చుక్కల్ని మీ వైపు ఏమంటారు? గొల్లకావిడి అంటారని ఒకరు చెప్పారు. మా అమ్మమ్మ మాత్రం శ్రవణాన్ని గొల్లకావిడి అనేది. నడుమ పెద్ద చుక్క, అటొకటి ఇటొకటి చిన్నవి, కావిడి మోసే మనిషిలా.

#13 తెనాలి_రైతుబిడ్డ
మా ఊళ్లో మృగశిర దగ్గరున్న ఆ మూడే గొల్లకావిడి. మీ అమ్మమ్మ చెప్పిందీ బాగా కుదిరింది. ఇవన్నీ ఎవరైనా ఊరూరా తిరిగి రాసిపెట్టాలి, చెప్పేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

#14 వేగుచుక్క72
ఆ పెద్దాయన శనినే ఎందుకు అడిగారో ఎవరూ ఆలోచించలేదు. ఆయనకి ఏలినాటి శని నడుస్తోందని ఎవరో చెప్పి ఉంటారు. ఒంట్లో బాగోలేక ఆస్పత్రికి వచ్చిన మనిషి, మందుల కవరుతో గంటకి పైగా కూర్చున్నారు. మనం ఆయనకి ఆ మాటతోనే మొదలుపెట్టొచ్చు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకు? శని ఒక రాశి దాటడానికి రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నర. మొత్తం 12 రాశులకి 30 ఏళ్లు. సూర్యుడి చుట్టూ శని ఒకసారి తిరిగి రావడానికి పట్టే కాలం 29.5 ఏళ్లు. మన పల్లెల్లో ప్రతి ఇంట్లో శని కక్ష్యాకాలం తెలుసు, అది కక్ష్యాకాలం అని మాత్రమే తెలీదు.

#15 లెక్కల_మాస్టారు
లెక్క సరైనదే. అయినా నేను గట్టిగా వద్దంటాను. నాకు జరిగింది చెబుతాను. పదేళ్ల కిందట మా స్కూల్లో గ్రహాల మీద మాట్లాడుతూ సరిగ్గా ఇదే ఉదాహరణ ఇచ్చాను. తర్వాతి నెలలో ఊళ్లో ఒక జ్యోతిష్యుడి కరపత్రం వచ్చింది, "ఏలినాటి శని లెక్క నిజమేనని లెక్కల మాస్టారే ఒప్పుకున్నారు" అని. నా పేరు, నా స్కూలు పేరు. దాన్ని పట్టుకుని ఒక తల్లి మా ఇంటికి వచ్చి, కొడుకు పరీక్ష తప్పాడు, ఏ ఉంగరం పెట్టాలి అని అడిగింది. ఆవిడకి సర్ది చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ ఉంగరం మాత్రం అప్పటికే కొనేసింది. మనం తెరిచిన తలుపులోంచి ఎవరు లోపలికి వస్తారో మన చేతిలో ఉండదు.

#16 వేగుచుక్క72
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. మనం ఆ మాట ఎత్తకపోయినా ఆ తల్లి ఉంగరం కొనేదే కదా. మీ దగ్గరికి వచ్చింది కాబట్టే ఒక సాయంత్రమైనా ఇంకో మాట విన్నది.

#17 మేఘన_ఎమ్మెస్సీ
ఒక హద్దు పెట్టుకుంటే సరిపోతుందేమో. శని ఎక్కడున్నాడు, ఎప్పుడు కదులుతాడు, అది చెబుతాం. అది మన మీద ఏం చేస్తుంది అంటే, ఏమీ చేయదు అని అంతే సూటిగా చెబుతాం. రెండోది మింగేస్తేనే మాస్టారికి జరిగినట్టు జరుగుతుంది.

ఇంకోటి, సంక్రాంతి వస్తోంది. సూర్యుడు ఉత్తరం వైపు తిరిగేది డిసెంబరు 21, 22ల్లో. మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15ల్లో. ఈ మూడు వారాల పైచిలుకు తేడా ఎక్కడిది? భూమి ఇరుసు బొంగరంలా ఒకసారి ఊగి రావడానికి దాదాపు 25,800 ఏళ్లు, అంటే 72 ఏళ్లకి ఒక డిగ్రీ. సంక్రాంతి చుక్కల లెక్కన వస్తుంది కాబట్టి కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చింది, ఒకప్పుడు రెండూ ఒకే రోజు వచ్చేవి. ఇది ముగ్గులేసే చోట నిలబడి చెప్పొచ్చు.

#18 డాలస్_పద్మ
ఇక్కడ మా ఊరి సంఘం వాళ్లు లైబ్రరీలో ప్రసంగం పెట్టి, అవగానే పార్కింగ్‌లో నాలుగైదు టెలిస్కోపులు వరసగా నిలబెడతారు. రాజు గారి 'ముందు చూపు' ఇంకా నయం. ఇక్కడ పిల్లలు ప్రసంగం మధ్యలోనే పార్కింగ్‌లోకి పారిపోతారు.

మీరంతా వాడే డాబ్సోనియన్ టెలిస్కోపు పేరు ఎవరిదో తెలుసుగా? జాన్ డాబ్సన్ 1944 నుంచి 1967 దాకా రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్యాసిగా ఉన్న మనిషి. అక్కడే దొంగచాటుగా అద్దాలు అరగదీసుకుంటూ టెలిస్కోపులు చేశాడు. బయటికి వచ్చాక 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో, ప్లైవుడ్ పెట్టెల మీద టెలిస్కోపులు నిలబెట్టి, దారిన పోయేవాళ్లని పిలిచి చూపించాడు. హాలు లేదు, కుర్చీ లేదు.

మీకున్నదీ మాకు లేనిదీ ఒకటుంది. గుంటూరు నుంచి శీతాకాలంలో అగస్త్య నక్షత్రం దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తుకి వస్తుంది. ఇక్కడ అది నేల అంచుని రాసుకుంటూ వెళ్లిపోతుంది. నాన్న చూపించేవారు అగస్త్యుణ్ణి, మా మేడ మీద నుంచి. నా తరఫున ఒకరికి చూపించండి.

#19 సీతమ్మధార_శ్రీను
పద్మక్కా, తప్పకుండా.

వీధిలో చూపించడం కొత్తేమో గానీ మన దగ్గర సొంత డబ్బుతో ఆకాశం చూసినవాళ్లు పాతకాలంలోనే ఉన్నారు. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1868 గ్రహణం, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూశారు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో బస్సు దిగేవాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మరు. మా తర్వాతి ప్రసంగం దాని మీదే, ఆ వీధిలోనే.

#20 మబ్బుల_సుబ్బు
1868 అంటే గుంటూరు గ్రహణమే కదా! హీలియం కనిపెట్టింది గుంటూరులోనే అని గర్వంగా చెప్పండి బ్యానర్ మీద. జనం ఎందుకు రారు?

#21 మేఘన_ఎమ్మెస్సీ
గర్వంగా చెప్పండి, కానీ జరిగినట్టే చెప్పండి. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో (వెలుగుని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం) సూర్యుడి అంచున లేచిన మంటల్ని చూశాడు. వాటి గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనపడతాయి అనుకున్నాడు, మర్నాడు గుంటూరులోనే చూసి రుజువు చేశాడు. అసలు గొప్పదనం అదీ. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూసిన పాగ్‌సన్, అక్కడి పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదని గమనించాడు. అది కొత్త మూలకం అన్నది ఇంగ్లండులో లాక్యర్. భూమ్మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతికి. ఒక్క మనిషి ఒక్క రోజులో చేసిన పని కాదు.

#22 మబ్బుల_సుబ్బు
అయితే గుంటూరుకీ బందరుకీ సగం సగం. ఒప్పుకున్నాను.

#23 పిల్లలకోడి_గుంటూరు
అందరివీ రెండుసార్లు చదివాను. మా వాళ్లతో కూర్చుని తేల్చుకున్నాం. డిసెంబరు 27, శనివారం, పుష్య శుద్ధ అష్టమి. హాలు వద్దు. మా పేట చివర గుడి పక్కన ఖాళీ స్థలం ఉంది, పూజారి గారిని అడిగితే "రెండు గంటలు ఫ్లడ్‌లైటు ఆర్పేస్తాను, మాకూ చూపించండి" అన్నారు. ఆ రోజు చంద్రుడికి దగ్గర్లోనే శని ఉంటాడు, ఎనిమిదిన్నరకి తూర్పున గురుడు పైకొస్తాడు. పావుగంట మాట తెలుగులో. మేఘన గారూ, మీరు మాట్లాడతారా?

#24 మేఘన_ఎమ్మెస్సీ
మాట్లాడతాను. బస్సు దిగేచోటు చెప్పండి చాలు.

#25 ఎనిమిదంగుళాల_రాజు
నేనూ వస్తా, నా ఎనిమిదంగుళాలది తెస్తా. రెండు జాగ్రత్తలు.

ఒకటి, బ్యానర్ మీద వెడల్పాటి వలయాలతో శని బొమ్మ వేయొద్దు. ఈ ఏడాది (2025) మార్చిలో వలయాలు మనకి సరిగ్గా అంచు తిప్పాయి, ఇప్పుడూ సన్నటి గీతలాగే ఉన్నాయి. దాదాపు 15 ఏళ్లకోసారి ఇలా అవుతుంది. బొమ్మలో పళ్లెం చూసి వచ్చినవాళ్లు గీత చూసి మోసపోయాం అనుకుంటారు. వరసలో ఉండగానే "ఈసారి పక్కనుంచి చూస్తున్నాం" అని చెప్పేయాలి.

రెండు, స్టూళ్లు. కనీసం రెండు ఎత్తులవి. పిల్లలకి కన్ను ఆనించే ఐపీస్ అందదు, టెలిస్కోపు పట్టుకుని వేలాడతారు, ఇక శని ఎక్కడికి పోతాడో మళ్లీ వెతుక్కోవాలి. ఇంట్లో వంటింటి పీట కూడా పట్టుకురండి.

#26 తెనాలి_రైతుబిడ్డ
నేను నాన్నని తీసుకొస్తున్నా.

#27 లెక్కల_మాస్టారు
నేనూ వస్తాను. వరస పక్కన నిలబడతాను. ఉంగరాల సంగతి ఎవరైనా ఎత్తితే నా దగ్గరికి పంపండి.

#28 పిల్లలకోడి_గుంటూరు
రాత్రి జరిగింది రాస్తున్నా. ఇంకా గొంతు సరిగా రావడం లేదు.

ఎంతమంది వచ్చారో తెలియడానికి మా అమ్మ ఒక ఉపాయం చెప్పింది. టెలిస్కోపు పక్కన స్టీలు గిన్నె పెట్టి, చూసిన ప్రతివాళ్ల చేత ఒక చింతపిక్క వేయించాం. పొద్దున కూర్చుని లెక్కపెట్టాను. 168.

మొదట చంద్రుణ్ణి పెట్టాం. గుడి మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడ కన్ను ఐపీస్‌కి ఆనించి చాలాసేపు తియ్యలేదు. "సున్నం కొట్టిన గోడకి పెచ్చులూడినట్టుందమ్మా" అంది. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. ఒక పిల్లాడు లోపల బొమ్మ అంటించారని అనుమానించి టెలిస్కోపు మూతి ముందు చెయ్యి పెట్టి చూశాడు. చంద్రుడు మాయమైపోయేసరికి చెయ్యి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, వాళ్ల చెల్లిని పిలుచుకొచ్చి దానికీ చూపించాడు.

శనిని చూసి ఎవరూ మోసపోలేదు. రాజన్న వరసలోనే చెప్పేశాడు. ఒకమ్మాయి "పుల్ల గుచ్చిన రేగుపండు" అంది, ఆ తర్వాత వరసంతా అదే మాట.

మేఘన గారు గుడి అరుగు మీద నిలబడి మాట్లాడారు. మైకు లేదు, స్లైడు లేదు. "మీరు ఇందాక చూసింది ఇప్పటి శని కాదు. ఆ వెలుగు అక్కడ బయల్దేరి దాదాపు గంటా ఇరవై నిమిషాలైంది. అప్పటికి మీరింకా ఇంట్లోనే ఉన్నారు, గుడికి రావాలా వద్దా అనుకుంటున్నారు" అన్నారు. అందరూ ఒక్కసారి పైకి చూశారు. ఆ తలలు లేవడం నేను పక్కనుంచి చూశాను.

తొమ్మిది దాటాక ఒక ఆటో తమ్ముడు వచ్చి నా చెవిలో అడిగాడు, "అన్నా, నాకు ఏలినాటి శని నడుస్తోంది, చూడొచ్చా, ఏమన్నా అవుద్దా?" అని. మాస్టారు అక్కడే ఉన్నారు.

#29 లెక్కల_మాస్టారు
ఆ తమ్ముణ్ణి నేనే పక్కకి తీసుకెళ్లాను. "ఏమీ అవదు, చూడు" అన్నాను. చూసి వచ్చాక శని ఎంత దూరం, ఎన్నేళ్లకి తిరిగొస్తాడు అని అడిగాడు. 30 ఏళ్ల లెక్క చెప్పక తప్పలేదు, వేగుచుక్క గారూ. అతని వయసు 31. "అంటే నేను పుట్టినప్పుడు ఉన్నచోటు దాటి ఇప్పుడే కాస్త ముందుకెళ్లాడా?" అన్నాడు, చెప్పకుండానే. వేదిక మీద ఆ ఉదాహరణ వద్దనే ఇప్పటికీ అంటాను. ఇలా ఒక్కొక్కరితో నిలబడి చెప్పేటప్పుడు మాత్రం చెబుతాను. అతను మళ్లీ వరస చివరికెళ్లి నిలబడ్డాడు.

#30 వేగుచుక్క72
మాస్టారూ, ఆ అబ్బాయి మీ దగ్గరే పడడం ఎంత మంచిదైంది.

#31 నల్గొండ_వెంకన్న
168 చింతపిక్కలు! అన్నా, ఆ గిన్నె ఫొటో పెట్టు.

#32 తెనాలి_రైతుబిడ్డ
మా నాన్న ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. పొద్దున చావిట్లో కూర్చుని "గురుడి పక్కన నాలుగు చుక్కలు ఒకే గీత మీద ఉన్నాయిరా, అవి రేపు ఎటుంటాయి?" అన్నాడు. గెలీలియో 1610లో అడిగిన ప్రశ్న అది. సాయంత్రానికి ఎవరైనా ఒక చిన్న టెలిస్కోపు అప్పివ్వగలరా?

#33 ఎనిమిదంగుళాల_రాజు
నా దగ్గర పాత మూడంగుళాలది ఉంది. నేను తెనాలి మీదుగానే వెళ్తున్నా, ఇచ్చేసి వెళ్తా. నాలుగు రోజులు వరసగా ఒకే వేళకి కాగితం మీద గీయించు.

#34 డాలస్_పద్మ
అగస్త్యుడు?

#35 సీతమ్మధార_శ్రీను
మా వీధిలో పదకొండింటికి చూపించానక్కా, రాత్రి డ్యూటీకి బయల్దేరిన వాచ్‌మన్ తాతకి. "ఈయన్ని రోజూ చూస్తా, పేరు తెలీదు" అన్నాడు.

#36 పిల్లలకోడి_గుంటూరు
ఆ పెద్దాయన రాలేదు. ఎలా వస్తారు, ఆయనకి చెప్పేదారే లేదు. కాబట్టి మేమే వెళ్తున్నాం. జనవరి 25 ఆదివారం, రథసప్తమి, బాపట్ల దగ్గర ఒక పల్లె స్కూలు ఆవరణ. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. పొద్దున సూర్యుణ్ణి అట్ట మీద పడేసి మచ్చలు చూపిస్తాం, టెలిస్కోపులోంచి నేరుగా ఎవరినీ చూడనివ్వం. సాయంత్రం సప్తమి చంద్రుడు, పడమర శని, తూర్పున గురుడు. మేఘన గారు జాన్సెన్ గురించి చెబుతారు. చుట్టుపక్కల పల్లెల బస్టాపుల్లో కాగితాలు అంటిస్తున్నాం, మీద "శనిని చూపిస్తాం" అని పెద్దక్షరాలతో.

ఎవరి దగ్గరైనా గట్టి స్టూలు ఇంకొకటి ఉంటే చెప్పండి. మొన్న పూజారి గారి పీట విరగ్గొట్టాం, కొత్తది కొనిచ్చాం.

#37 మబ్బుల_సుబ్బు
మా ఇంట్లో ఇనపది ఉంది. నేను పట్టుకొస్తా.